ఈజీ రన్‌కి ఏ షూ, టెంపోకి ఏ షూ: హాఫ్ మారథాన్‌కి సిద్ధమవుతున్న ఒక రన్నర్‌కి జవాబు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. వయసు 37, బరువు 78 కిలోలు. వారానికి నాలుగు రోజులు పరుగెడతారు: రెండు ఈజీ రన్‌లు, ఒక రోజు టెంపో (ఆపకుండా కొంచెం గట్టి వేగంతో పరుగు) లేదా ఇంటర్వెల్స్ (మధ్యలో ఆగుతూ చేసే వేగపు పరుగులు), ఆదివారం లాంగ్ రన్. పది కిలోమీటర్లకి 62 నిమిషాలు పడుతోంది. ఆగస్టులో హైదరాబాద్ హాఫ్ మారథాన్ చేయాలని ఉంది. ఇన్నాళ్లూ అన్నిటికీ ఒకే జత వాడారు, అది 900 కిలోమీటర్లు దాటింది. ఈమధ్య లాంగ్ రన్ అయ్యాక మోకాలి కింద ముందు ఎముక దగ్గర సలుపుతోంది. ఇప్పుడు అసిక్స్ నింబస్ కొనాలా, నోవాబ్లాస్ట్ కొనాలా, లేక ఫ్రెండ్స్ చెప్తున్నట్టు కార్బన్ ప్లేట్ షూ (అడుగు లోపల బిగుసైన కార్బన్ రేకు పెట్టిన రేసు షూ) తీసుకోవాలా అన్నది మీ ప్రశ్న.

ముందే జవాబు చెప్పేస్తాను. రెండు జతలు కొనండి, కానీ ఒకేసారి వద్దు. ఇప్పుడు ఈజీ రన్‌లకీ లాంగ్ రన్‌లకీ పనికొచ్చే డైలీ ట్రైనర్ ఒకటి తీసుకోండి. అది మెత్తగా ఉండాలి, కానీ కాలిని పక్కలకి ఊగనివ్వకూడదు. ఒకటి రెండు నెలలు పోయాక టెంపోకీ రేసుకీ తేలికైన జత ఒకటి చూసుకోండి. మీ ఇప్పటి పేస్‌కి, అంటే కిలోమీటరుకి మీకు పట్టే సమయానికి, కార్బన్ ప్లేట్ మీద పెట్టే డబ్బుకి తగిన ఫలితం రాదు. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే మోడళ్లు ఏటా మారిపోతాయి, కారణాలు తెలిస్తే వచ్చే ఏడు ఎవర్నీ అడగక్కర్లేకుండా మీరే ఎంచుకోగలరు.

షాపులో కుషనింగ్ చూడాలంటే చాలామంది బొటనవేలితో మడమ కింద నొక్కి చూస్తారు. ఆ వేలి ఒత్తిడికీ పరుగులో పడే ఒత్తిడికీ సంబంధమే లేదు. పరుగులో ఒక్కో అడుగుకి శరీర బరువుకి రెండు మూడు రెట్ల బలం నేల మీద పడుతుంది. మీ విషయంలో అది 160 నుంచి 230 కిలోల దాకా ఉంటుంది. నిమిషానికి 165 అడుగులు వేస్తారనుకుంటే గంట పరుగులో దాదాపు పదివేల సార్లు ఆ బరువు ఆ నురుగు మీద పడుతుంది. వేలికి వెన్నలా తగిలిన మిడ్‌సోల్ (పాదానికీ కింది రబ్బరుకీ మధ్య ఉండే నురుగు పొర) ఆ బరువు కింద పూర్తిగా అణిగిపోయి గట్టిగా తగలొచ్చు. వేలికి గట్టిగా అనిపించిందే అయిదో కిలోమీటరు దగ్గర హాయిగా ఉండొచ్చు. అందుకే షాపులో రెండు నిమిషాలు వేసుకుని నిలబడి చూసిన మెత్తదనాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

కుషనింగ్ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు గుణాలు దాక్కుని ఉంటాయి. ఒకటి మందం, అంటే కాలికీ నేలకీ మధ్య ఎన్ని మిల్లీమీటర్ల సరుకు ఉందన్నది. రెండోది మెత్తదనం, బరువు పడితే ఎంత లోపలికి దిగుతుందన్నది. మూడోది తిరుగుతోపు, దిగింది ఎంత వేగంగా, ఎంత బలంగా పైకి లేస్తుందన్నది. మందంగా ఉన్నదల్లా మెత్తగా ఉండదు, మెత్తగా ఉన్నదల్లా తిరిగి తొయ్యదు. ఎన్నో ఏళ్ల పాటు దాదాపు అన్ని షూల్లోనూ ఈవీఏ అనే ప్లాస్టిక్ నురుగే ఉండేది. అది చవక, తేలిక, కానీ వాడేకొద్దీ అణిగిపోతుంది. 2013లో ఆడిడాస్ బూస్ట్ పేరుతో టీపీయూ అనే సాగే ప్లాస్టిక్ గుళికల్ని అతికించిన మిడ్‌సోల్ తెచ్చింది. అది బరువెక్కువే అయినా తిరుగుతోపు బాగా ఉండేది. 2017లో నైకీ వేపర్‌ఫ్లై వచ్చాక పెబా అనే ఇంకో ప్లాస్టిక్ జాతి నురుగులు రేసు షూలన్నిటిలోకీ పాకాయి. తేలికగా, మెత్తగా ఉంటూ తిరుగుతోపు కూడా ఎక్కువ ఇచ్చే సరుకు అది. ఇప్పుడు మామూలు డైలీ ట్రైనర్లలో నత్రజని ఎక్కించిన ఈవీఏ, లేదా రెండు మూడు రకాలు కలిపిన నురుగు కనిపిస్తోంది. షూ వివరాల్లో కంపెనీ పెట్టుకున్న పేరు ఏదైనా, లోపలి సరుకు ఈ కుటుంబాల్లో ఏదన్నది తెలుసుకుంటే సగం పని అయినట్టే.

మందం విషయంలో ఈమధ్య అందరూ చెప్పే 40 మిల్లీమీటర్ల లెక్క ఎక్కడిదో కూడా చెప్తాను. 2020 జనవరిలో ఈ ఆటల ప్రపంచ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ రోడ్డు రేసుల్లో షూ అడుగు 40 మి.మీ. మించకూడదనీ, లోపల ఒకటి కంటే ఎక్కువ ప్లేట్లు ఉండకూడదనీ నియమం పెట్టింది. 2021 సెప్టెంబరులో వియన్నా మారథాన్‌లో ఇథియోపియాకి చెందిన డెరారా హురిసా అందరికంటే ముందు గీత దాటాడు. కానీ అతని షూ అడుగు 5 సెంటీమీటర్లు ఉందని తేలడంతో పోటీ నుంచి తీసేసి, రెండో స్థానంలో వచ్చిన కెన్యా రన్నర్ లియొనార్డ్ లంగట్‌ని విజేతగా ప్రకటించారు. మీరూ నేనూ పరుగెత్తే వరసల్లో ఎవరూ స్కేలు పట్టుకుని నిలబడరు. మీరు అడిగిన నింబస్ కొత్త మోడళ్లూ, నోవాబ్లాస్ట్ 5, రెండూ మడమ దగ్గర 40 దాటినవే. మీరు వాటిని వాడటానికి అడ్డేమీ లేదు. నేను ఈ సంగతి ఎత్తింది, ఇప్పుడు డైలీ ట్రైనర్లు ఎంత ఎత్తుకి వెళ్లిపోయాయో తెలియాలని. ఎత్తు పెరిగేకొద్దీ చీలమండ నిలకడ ముఖ్యమవుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను: ఏ పరుగుకి ఏ రకం.

మీ వారంలో ఎక్కువ కిలోమీటర్లు ఈజీ రన్‌లూ లాంగ్ రన్‌లే తినేస్తాయి. మీ పేస్‌కి ఈజీ అంటే కిలోమీటరుకి 7 నిమిషాల 15 సెకన్ల నుంచి 7:40 మధ్య ఉండాలి, మాట్లాడుతూ పరుగెత్తగలగాలి. ఈ వేగంలో పాదం నేల మీద ఎక్కువసేపు ఆనుతుంది, చాలామందికి మడమే ముందు తగులుతుంది. ఇక్కడ కావాల్సింది మడమ దగ్గర తగినంత మెత్తదనం, వెడల్పాటి అడుగు, పాదం దొర్లడానికి ముందు భాగంలో కొంచెం వంపు. తేలికదనం ఇక్కడ రెండో సంగతి. 280 గ్రాముల షూ అయినా పర్లేదు.

ఇక్కడ ఒక పరిశోధన చెప్పాలి. లక్సెంబర్గ్‌లో 848 మంది మామూలు రన్నర్లకి చూడటానికి ఒకేలా ఉండే షూలు ఇచ్చారు. సగం మందికి మెత్తటి అడుగు, సగం మందికి గట్టి అడుగు, ఎవరికి ఏది వచ్చిందో వాళ్లకి తెలియదు. ఆరు నెలలు చూశారు. 2020లో వచ్చిన ఫలితం ఏమిటంటే, గట్టి షూ వేసుకున్నవాళ్లకి గాయాల ప్రమాదం దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది. బరువున్నవాళ్లకే మెత్తటి షూ అవసరమని మనవాళ్లు చెప్తుంటారు కదా, అందులో తేలింది దానికి తిరగబడి ఉంది. తక్కువ బరువున్నవాళ్లకే మెత్తదనం వల్ల లాభం స్పష్టంగా కనిపించింది, ఎక్కువ బరువున్నవాళ్లలో తేడా తేలలేదు. 78 కిలోలని చెప్పి షాపులో అన్నిటికంటే మందమైన జతని మీ చేతిలో పెడితే, ఆ ఒక్క కారణంతో తీసుకోకండి.

దీనికి పక్కనే ఇంకోటి పెట్టి చూడాలి. ఫిన్లాండ్ పరిశోధకులు 2018లో హోకా వాళ్ల మందపాటి షూని ఒక మామూలు డైలీ ట్రైనర్‌తో పోల్చారు. గంటకి 14.5 కిలోమీటర్ల వేగంలో మందపాటి షూలోనే నేల దెబ్బ ఎక్కువ పడింది, నెమ్మది పరుగులో ఆ తేడా తగ్గింది. కింద మెత్తగా ఉందని తెలియగానే మన కాలు తనంతట తాను బిగుసుకుని దిగుతుంది, వేగం పెరిగితే ఆ బిగింపు ఇంకా పెరుగుతుంది. అందులో పాల్గొన్నది కొద్దిమందే, కాబట్టి దాన్ని అందరికీ వర్తించే తీర్పులా తీసుకోను. కానీ ట్రాక్ మీద కొత్తవాళ్లని చూస్తున్నప్పుడు నాకు కనిపించేదానికి అది సరిపోతుంది. బాగా మెత్తని షూ వేసుకుని 400 మీటర్ల రిపీట్లు చేసేవాళ్లు దూది పరుపు మీద పరుగెత్తుతున్నట్టు ఉంటారు. పాదం దిగుతుంది, లేవడానికి సమయం తీసుకుంటుంది, ఆ ఆలస్యాన్ని పిక్కలు భరిస్తాయి.

అందుకే మెత్తటి షూ నెమ్మది పరుగులకి, వేగానికి మాత్రం తిరుగుతోపు ఉన్న షూ అంటాను. టెంపోలో మీరు కిలోమీటరుకి 6:00 నుంచి 6:15 మధ్య ఉంటారు. దానికి 230 నుంచి 250 గ్రాముల షూ, కొంచెం గట్టిగా, వెంటనే తిరిగి లేచే నురుగుతో ఉంటే సరిపోతుంది. షూ బరువు జతలో ఒక్కోదానికి 100 గ్రాములు పెరిగితే పరుగుకి అయ్యే శక్తి సుమారు ఒక శాతం పెరుగుతుందన్నది పాత లెక్క, ఇప్పటికీ నిలబడుతోంది. అంటే 30 గ్రాముల తేడా కోసం తలకిందులు అవ్వక్కర్లేదు. ఇంటర్వెల్స్‌కి విడిగా ఇంకో జత అవసరం లేదు, టెంపో షూయే చాలు. ట్రెడ్‌మిల్ బెల్టు తనే కొంత మెత్తగా ఉంటుంది, అక్కడ ఏదైనా పనిచేస్తుంది, గాలి ఆడే పైబట్ట ఉంటే చాలు.

లాంగ్ రన్ విషయం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మీ రేసు హైదరాబాద్‌లో. నెక్లెస్ రోడ్ నుంచి బయల్దేరి గచ్చిబౌలి స్టేడియం దాకా వెళ్లే ఆ దారి చదునుగా ఉండదు. ఫ్లైఓవర్లు ఎక్కాలి, దిగాలి, జూబ్లీహిల్స్ వైపు చడావులు ఉంటాయి. ఎక్కేటప్పుడు పాదం ముందు భాగం మీద భారం పడుతుంది, అక్కడ మడమ కింద ఎంత నురుగు ఉన్నా ఉపయోగపడదు. దిగేటప్పుడు తొడల ముందు కండరాలు ప్రతి అడుగుకీ బ్రేకు వేస్తాయి, మడమ మీద దెబ్బ పెరుగుతుంది. దిగుడులో మడమ నురుగు ఒక పక్కకి ఒరిగిపోయే షూ అయితే మోకాలు కూడా దానితో పాటు లోపలికి వంగుతుంది. అందుకని లాంగ్ రన్ షూకి నేను చదును రోడ్డు మీద పరీక్ష పెట్టను. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి చుట్టుపక్కల రోడ్లయినా, కేబీఆర్ పార్కు బయటి చుట్టయినా ఒకసారి తిరిగి చూడండి. దిగుడులో కాలు ఎటు పోతోందో అక్కడ తెలిసిపోతుంది. విశాఖలో ఉన్నవాళ్లకి బీచ్ రోడ్డు నుంచి కైలాసగిరి వైపు ఎక్కే దారి ఈ పనికి బాగుంటుంది.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఇంకొకటి ఉంది. కొత్త షూ వేసుకుని గచ్చు మీద ఒంటికాలి మీద నిలబడండి. మోకాలిని కొద్దిగా వంచి, లేవండి, అలా పదిసార్లు. ఎవరైనా వెనక నుంచి ఫోనులో వీడియో తీస్తే ఇంకా మంచిది. మడమ వెనక కప్పు నిటారుగా ఉండి కొద్దిగానే కదిలితే సరే. అది లోపలికి వాలిపోయి, కింద నురుగు ఒక పక్కన మడతలు పడుతుంటే ఆ షూ మీ కాలికి కాదు, ఎంత పేరున్నదైనా సరే.

ఇప్పుడు మీరు అడిగిన రెండింటి సంగతి. నింబస్ బరువెక్కువ, మెత్తన, అడుగు వెడల్పు, నెమ్మది పరుగులకి నిలకడగా ఉంటుంది. నోవాబ్లాస్ట్ దానికంటే తేలిక, ఎగిరినట్టు ఉంటుంది, ఈజీ నుంచి టెంపో దాకా ఒక్కదానితో నెట్టుకురావచ్చు. రెండింటిలోనూ మడమకీ ముందుకీ తేడా 8 మి.మీ. మీరు ఒక్క జతే కొంటానంటే నోవాబ్లాస్ట్ అంటాను. రెండు కొంటానంటే నింబస్ తరహా షూ ఇప్పుడు, రెండోది ప్లేట్ లేని తేలికైనదో, సాకనీ ఎండార్ఫిన్ స్పీడ్ లాగా నైలాన్ ప్లేట్ ఉన్నదో తర్వాత. నైలాన్ ప్లేట్ కార్బన్ అంత బిగుసుగా ఉండదు, మీ పేస్‌లో కూడా వంగుతుంది. బ్రూక్స్ ఘోస్ట్, హోకా క్లిఫ్టన్, నైకీ పెగాసస్ కూడా వేసి చూడండి. వీటిలో తప్పు షూ అంటూ లేదు, మీ పాదానికి కుదరనిది మాత్రం ఉంటుంది.

డ్రాప్ గురించి ఒక జాగ్రత్త. మడమ ఎత్తుకీ ముందు భాగం ఎత్తుకీ ఉన్న తేడానే డ్రాప్ అంటారు. డ్రాప్ తక్కువైతే పిక్కల మీదా, మడమ వెనక ఉండే స్నాయువు (అకిలీస్ టెండన్) మీదా భారం పెరుగుతుంది, ఎక్కువైతే ఆ భారం మోకాలి వైపు జరుగుతుంది. ఇందులో మంచి చెడు లేవు, అలవాటే ముఖ్యం. ఘోస్ట్ చాలా ఏళ్లు 12 మి.మీ. ఉండి 17వ మోడల్‌లో 10కి వచ్చింది. క్లిఫ్టన్ 5 నుంచి 10వ మోడల్‌లో 8కి వెళ్లింది. అంటే అదే పేరు మళ్లీ కొన్నా లోపల కొలత మారి ఉండొచ్చు. మీ పాత షూ డ్రాప్ ఎంతో చూసుకుని, దానికి మూడు నాలుగు మిల్లీమీటర్ల లోపు తేడాలో ఉండండి. అంతకంటే మార్చాలంటే వారానికి ఒక చిన్న పరుగుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి.

కార్బన్ ప్లేట్ సంగతి. 2017లో ఇటలీలోని మోంజా ట్రాక్ మీద కెన్యా మారథాన్ రన్నర్ కిప్చోగె 2 గంటల 25 సెకన్లలో మారథాన్ దూరం పూర్తి చేసినప్పుడు వేసుకున్నది నైకీ వేపర్‌ఫ్లై కుటుంబం షూయే. ఆ షూతో కొలరాడో విశ్వవిద్యాలయం చేసిన పరీక్షల్లో సగటున 4 శాతం శక్తి ఆదా అవుతోందని తేలింది, షూ పేరులోకే ఆ 4 శాతం ఎక్కింది. కానీ ఆ పరీక్షలు వేగంగా పరుగెత్తేవాళ్ల మీద, గంటకి 14 నుంచి 18 కిలోమీటర్ల వేగంలో చేసినవి. 2023లో అదే కంపెనీ రేసు షూతో నెమ్మది వేగాల్లో పరీక్ష చేశారు. గంటకి 12 కిలోమీటర్ల దగ్గర సగటు లాభం 1.4 శాతం, 10 కిలోమీటర్ల దగ్గర 0.9 శాతం. మనిషికీ మనిషికీ తేడా చాలా ఉంది, కొందరికి లాభం బదులు నష్టమే వచ్చింది. మీ పది కిలోమీటర్ల వేగం గంటకి 9.7. హాఫ్‌లో అంతకంటే తక్కువే ఉంటుంది. అదే ఏడాది కెన్యా ప్రపంచ స్థాయి రన్నర్లు ఏడుగురి మీద చేసిన పరీక్షలో కూడా ఒకరికి 11 శాతానికి పైగా లాభం, మరొకరికి అంతే నష్టం కనిపించాయి. అంత అనుభవమున్న కాళ్లలోనే అంత తేడా ఉంటే, ఫ్రెండ్‌కి కుదిరిందని మీకు కుదురుతుందని చెప్పలేం.

ఇంకో సంగతి, ఇది మీ సలుపుకి సంబంధించింది. కార్బన్ ప్లేట్ షూలతో పరుగెత్తినవాళ్లలో పాదం మధ్యలో ఉండే నావిక్యులర్ ఎముకకి ఒత్తిడి గాయాలు అయిన కొన్ని కేసులని వైద్యులు 2023లో నమోదు చేశారు. అయిదుగురే, దాన్ని బట్టి షూ చెడ్డదని అనలేం. కానీ ప్లేట్ భారాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుస్తుంది, అలవాటు పడటానికి ఎముకకి కండరం కంటే ఎక్కువ సమయం కావాలి. ఇప్పటికే ఎముక దగ్గర నొప్పి ఉన్న మనిషికి ఆ మార్పు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. పది కిలోమీటర్లు 50 నిమిషాల దగ్గరికి వచ్చాక మళ్లీ ఆలోచిద్దాం.

రెండు జతలు మార్చి మార్చి వాడటం గురించి కూడా చెప్తాను. అదే లక్సెంబర్గ్ బృందం 2015లో 264 మంది రన్నర్ల లెక్కలు చూస్తే, ఒకటి కంటే ఎక్కువ షూలు మార్చి వాడేవాళ్లలో గాయాల ప్రమాదం 39 శాతం తక్కువ కనిపించింది. అది గమనించి రాసిన లెక్క, షూ మార్చడం వల్లే తగ్గిందని నిరూపణ కాదు. అయినా నేను అందరికీ ఇదే చెప్తాను. వేర్వేరు షూలు వేర్వేరు చోట్ల భారం వేస్తాయి, ఒకే కండరం, ఒకే ఎముక ప్రతిరోజూ దెబ్బ తినదు. వానాకాలంలో మన దగ్గర దీనికి ఇంకో లాభం కూడా ఉంది. శనివారం తడిసిన షూ ఆదివారం పొద్దున 5 గంటలకి ఆరి ఉండదు.

తడి షూని ఎండలో పెట్టకండి, కారు డిక్కీలో అసలే వదలకండి. మే నెల ఎండకి మూసిన కారులో వేడికి జిగురు ఊడుతుంది, నురుగు ముడుచుకుంటుంది. లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి, పాత న్యూస్‌పేపర్ ఉండలు చేసి కుక్కి, ఫ్యాను కింద పెట్టండి, రెండు గంటలకి పేపర్ మార్చండి. వాషింగ్ మెషీన్ వద్దు, పాత టూత్‌బ్రష్, సబ్బు నీళ్లు చాలు. ఆగస్టు రేసులో రోడ్డు తడిగా ఉండే అవకాశం ఎక్కువ. జీబ్రా క్రాసింగ్ తెల్ల రంగు మీద, ఫ్లైఓవర్ అతుకుల ఇనుప పట్టీల మీద పట్టు లేని ఔట్‌సోల్ (నేలకి తగిలే కింది రబ్బరు పొర) సర్రున జారుతుంది. పట్టు విషయంలో ప్యూమా గ్రిప్ రబ్బరు, కొన్ని ఆడిడాస్ మోడళ్లకి వేసే కాంటినెంటల్ రబ్బరు నాకు తడిలో బాగా నమ్మకంగా అనిపించాయి. అడుగున రబ్బరు తక్కువ, నురుగు ఎక్కువ బయటపడి ఉన్న షూలు మన రోడ్ల మీద త్వరగా అరుగుతాయి కూడా.

కొలత గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే కుషనింగ్ తప్పు కంటే సైజు తప్పే ఎక్కువ చూస్తాను. చిన్నప్పటి నుంచి చెప్పులతో తిరిగిన మనలో చాలామందికి వేళ్ల దగ్గర పాదం వెడల్పు. షూ బిగుతుగా అనిపిస్తే సైజు పెంచేస్తాం, అప్పుడు పొడవు ఎక్కువై మడమ జారుతుంది. పొడవు సరిపోయి వెడల్పు చాలకపోతే 2ఈ అని రాసి ఉండే వెడల్పు రకం అడగండి, అసిక్స్, న్యూ బ్యాలెన్స్, బ్రూక్స్ ఇవి చేస్తాయి. షాపుకి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి, పరుగులోనూ అలాగే ఉబ్బుతాయి. మీరు పరుగెత్తే సాక్సులే వేసుకెళ్లండి. షూలోంచి ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. చిటికెనవేలు పక్కకి పొడుచుకొచ్చిందా, ఆ షూ ముందు ఇరుకు. వేళ్ల ముందు బొటనవేలి గోరంత ఖాళీ ఉండాలి, లేకపోతే ఫ్లైఓవర్ దిగుడులో వేళ్లు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. మడమ జారుతుంటే పైన చివర ఒక అదనపు రంధ్రం ఉంటుంది చూడండి. రెండు వైపులా లేసుని ఆ రంధ్రంలోంచి లోపలికి దూర్చి చిన్న గాజులా వదిలి, ఎదుటి లేసు కొసని అందులోంచి లాగి కట్టండి. మడమ పట్టేస్తుంది, పాదం పైన బిగుతు పెరగదు. ఆన్‌లైన్‌లో కొంటే యూకే సైజు నమ్మకండి, బ్రాండుకి బ్రాండుకి మారుతుంది. పెట్టె మీద సెంటీమీటర్ల అంకె చూసి పాత షూ అంకెతో పోల్చండి.

షాపులో స్కానర్ మీద నిలబెట్టి మీకు ఓవర్‌ప్రొనేషన్ (పాదం మరీ లోపలికి ఒరగడం) ఉంది, సపోర్ట్ షూ తప్పదని చెప్తే కంగారు పడకండి. కాలు లోపలికి కొంత ఒరగడం సహజమే. కాల్గరీ విశ్వవిద్యాలయం ఆచార్యుడు బెనో నిగ్ ఎన్నో ఏళ్లుగా చెప్తున్నది, వేసుకున్నప్పుడు హాయిగా అనిపించేదాన్ని ఎంచుకోవడమే ఉన్న దారుల్లో నమ్మదగిందని. నా అనుభవం కూడా అదే, కాకపోతే హాయి అన్నది కూర్చుని కాదు, పది నిమిషాలు పరుగెత్తి చూడాలి.

డబ్బు విషయం. మంచి డైలీ ట్రైనర్ ఇక్కడ పది నుంచి పదిహేను వేల మధ్య పడుతుంది, కార్బన్ రేసు షూ చాలావరకు దానికి ఒకటిన్నర, రెండింతలు. కొత్త మోడల్ రాగానే పాతది బాగా తగ్గుతుంది. నింబస్‌లో ఈ ఏటి మోడల్ కాకుండా పోయినేటిది దొరికితే నిశ్చింతగా తీసుకోండి. తయారై మూడు నాలుగేళ్లు అయినది మాత్రం వద్దు, వాడకపోయినా నురుగు గట్టిపడుతుంది. బడ్జెట్ తక్కువైతే డెకాత్లాన్ కిప్‌రన్ షూలు కూడా వేసి చూడండి, డబ్బుకి తగిన పని చేస్తాయి.

మీ పాత జతని బల్ల మీద పెట్టి వెనక నుంచి కంటి ఎత్తులో చూడండి. మడమ ఒక పక్కకి వాలి ఉందా, మిడ్‌సోల్ పక్కన అడ్డంగా సన్నని ముడతలు పడి, నొక్కినా పైకి రావడం లేదా, అవి చూడండి. మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్లకి డైలీ ట్రైనర్ పని అయిపోతుంది. 900 దాటిన ఈ జతని కూరగాయల మార్కెట్‌కి ఉంచుకోండి, లాంగ్ రన్‌కి వద్దు. కొత్త జతని మొదటి వారం రెండు ఈజీ రన్‌లకే వాడండి, మూడో వారంలో లాంగ్ రన్‌కి తీసుకెళ్లండి. రేసు రోజు వేసుకునే షూతో అంతకు ముందు కనీసం రెండు లాంగ్ రన్‌లు అయి ఉండాలి. మీ రేసు ఆగస్టు చివర్లో కాబట్టి రెండో జత జూన్ నెలాఖరులోపు కొనేయండి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంకొకటుంది. సలుపుతోందన్న ఆ మోకాలి కింది ఎముక వెంట వేలి కొసతో పై నుంచి కింద దాకా నొక్కుకుంటూ రండి. నొప్పి జానెడు మేర పరచుకుని ఉండి, పరుగు మొదట్లో ఉండి వేడెక్కాక తగ్గుతుంటే, పాత షూ మార్చడం, పది రోజులు దూరం సగానికి తగ్గించడం, పిక్కలకి వ్యాయామం చాలావరకు సరిపోతాయి. అలా కాకుండా ఒకే ఒక్క చోట, రూపాయి బిళ్లంత మేర, నొక్కితే చురుక్కుమని, రాత్రి పడుకున్నా సలుపుతుంటే పరుగు ఆపేసి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. షూల షాపుకి ఆ తర్వాత వెళ్దురుగాని.